ఉప్పు మాడదు

శనివారం పొద్దున మా వాడు సేమ్యా ఉప్మా తనే చేస్తానన్నాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు, స్టవ్ దగ్గరికి రానివ్వాల్సిన వయసే, సరే అన్నాను. పోపు బాగానే పెట్టాడు, ఉల్లిపాయ, క్యారెట్ వేయించాడు, నీళ్లు మరిగాక సేమ్యా వేసి మూత పెట్టాడు, ఈలోపు స్నేహితుడి ఫోన్ వస్తే మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్లిపోయాడు. మాడు వాసన హాలు దాటి నా గదిలోకి వచ్చేసరికి గిన్నె అడుగు మొత్తం నల్లగా అట్ట కట్టేసింది.

నెల్లూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న అమ్మ స్టవ్ ఆపేసి, "పోన్లే నాన్నా, పైపైన తీసుకుని తిందాం, మొదటిసారి ఎవరికైనా అడుగంటుతుంది" అంది. వాడు మాత్రం గిన్నెలోకి చూస్తూ అలాగే నిలబడ్డాడు. "అమ్మా, సేమ్యా తెలుపు, క్యారెట్ ఎరుపు, కరివేపాకు పచ్చ. మాడాక అన్నీ ఒకటే నలుపు ఎలా అయ్యాయి?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "అన్నీ ఎక్కడ్రా, ఉప్పు మాడదు కదా! నీకు దిష్టి తీసి పొయ్యిలో వేసినప్పుడు చూడలేదూ? మిరపకాయలు మాడి నల్లగా అయిపోతాయి, ఘాటు కొడుతుంది. ఉప్పు చిటపటలాడి ఊరుకుంటుంది, దాని తెలుపు దానిదే."

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను, పద్నాలుగేళ్లుగా ఇక్కడ చెన్నైలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. ఆర్గానిక్ ఒక లావుపాటి పుస్తకం, ఇనార్గానిక్ ఇంకో లావుపాటి పుస్తకం పెట్టుకుని నేను చదువుకున్న తేడా మా అమ్మ దిష్టి తీసి పొయ్యిలో వేసే గుప్పెట్లోనే ఉందని ఆ రోజు వరకూ నాకు తట్టలేదు. మిరపకాయ ప్రాణం ఉన్న మొక్క నుంచి వచ్చింది, మాడుతుంది. ఉప్పు సముద్రం నుంచి వచ్చింది, మాడదు. (చిటపట ఎందుకంటే, ఉప్పు పలుకుల లోపల చిక్కుకున్న కాస్త నీరు ఆవిరై పలుకుని పగలగొడుతుంది, అంతే.)

మధ్యాహ్నం పాత స్టీల్ గరిటె ఒకటి తీసి, చిమ్నీ వేసి, వరసగా చూశాం. పంచదార కరిగి, తేనెరంగుకి వచ్చి, పొంగి నల్లటి స్పాంజిలా లేచింది. బియ్యప్పిండి నల్లబడింది. కందిపప్పు నల్లబడింది. వేపాకు మెలికలు తిరిగి నల్లబడింది. వాడి గోరు ముక్క ఒకటి వేస్తే జుట్టు కాలిన వాసన వచ్చి అదీ నల్లటి పూసలా అయింది. నెయ్యి నేనే చేశాను, అది అంటుకుంటుంది కాబట్టి. మంట మీద పట్టిన స్టీల్ మూతకి మసి పట్టింది. ఆఖరున కళ్లుప్పు. చిటపట. తెలుపు. వాడు గోరు ముక్కనీ పంచదారనీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తినేదీ మనమూ ఒకే రకం సరుకు అన్న సంగతి పుస్తకంలో చదివితే అలా తగలదు.

ఆ నలుపు కార్బన్. అంటే బొగ్గు. వేడికి హైడ్రోజన్, ఆక్సిజన్ నీటి ఆవిరిగానో, పొగలోనో లేచిపోతే మిగిలిపోయింది అదే. అన్నంలోని పిండిపదార్థం 100 గ్రాములు తీసుకుంటే అందులో 44 గ్రాములు కార్బనే. మన ఒంటి బరువులో సుమారు 18 శాతం అదే, అరవై కిలోల మనిషిలో పది కిలోల పైన బొగ్గు ఉన్నట్టు. తెల్లటి అన్నంలో అది కనపడదు, ఎందుకంటే అక్కడ అది ఒంటరిగా లేదు, వేరేవాటి చేతులు పట్టుకుని ఉంది.

ల్యాబ్‌లో మేం ఇంకో అడుగు ముందుకు వెళ్తాం. సల్ఫేటెడ్ యాష్ అని, మందులో కాలిపోకుండా మిగిలేది ఎంతో చూసే పరీక్ష ఒకటి ఉంది. ఖాళీ క్రూసిబుల్‌ని, అంటే కాల్చడానికి వాడే చిన్న గిన్నెని ముందే కాల్చి, తేమ తగలని డెసికేటర్ పాత్రలో చల్లార్చి, తూకం రాసుకుంటాం. గ్రాము మందు పొడి వేసి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో తడిపి మెల్లగా వేడి చేస్తే తెల్లటి పొడి కాస్తా గోధుమరంగుకి తిరిగి, తర్వాత మా వాడి గిన్నె అడుగులా నల్లబడుతుంది. దాన్ని మఫిల్ ఫర్నేస్ అనే కొలిమిలో 600 డిగ్రీల దగ్గర పెట్టి వదిలేస్తాం. బయటికి తీస్తే ఆ నలుపు కూడా ఉండదు. క్రూసిబుల్ ఖాళీ. చాలా మందులకు మిగిలే బూడిద 0.1 శాతం దాటకూడదు, అంటే గ్రాములో ఒక మిల్లీగ్రాము. కొత్తగా చేరిన పిల్లలకు ఈ పరీక్ష నేర్పేటప్పుడు ప్రతిసారీ ఒక నిమిషం ఆగి ఆ ఖాళీ క్రూసిబుల్ చూపిస్తాను. గ్రాము పొడి గాలిలో కలిసిపోయింది. కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అయి ఎగిరిపోయింది. అమ్మ చదువుకున్న రోజుల్లో దాని పేరు బొగ్గుపులుసు వాయువట. ఎంత మంచి పేరో! బొగ్గు నుంచి వచ్చింది, నీళ్లలో కలిస్తే కొంచెం పులుపు, ఇంకేం కావాలి.

ప్రాణం కార్బన్‌నే ఎందుకు పట్టుకుంది అంటే పుస్తకాల్లో మొదట వచ్చే జవాబు నాలుగు చేతులు. నిజమే. కార్బన్ పరమాణువు ఒకేసారి నాలుగు బంధాలు పెట్టుకోగలదు. రెండు చేతులతో అటూ ఇటూ తోటి కార్బన్లను పట్టుకుని గొలుసు కట్టినా ఇంకా రెండు చేతులు ఖాళీ, వాటితో హైడ్రోజన్‌నో, ఆక్సిజన్‌నో, నైట్రోజన్‌నో పట్టుకోవచ్చు. గొలుసుకు కొమ్మలు పెట్టొచ్చు, చుట్టి ఉంగరం చేయొచ్చు. ఈ పని ఆక్సిజన్, నైట్రోజన్ చేయలేవు. వాటి దగ్గర మిగిలిన ఎలక్ట్రాన్ జంటలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి తమలో తాము కట్టుకునే ఏకబంధం కార్బన్–కార్బన్ బంధం బలంలో సగం కూడా ఉండదు. నాలుగు లంకెలు వేసేలోపు తెగిపోయే గొలుసుతో ప్రాణం ఏం కట్టుకుంటుంది?

సిలికాన్ ఉంది కదా, దానికీ నాలుగు చేతులే కదా అని మా వాడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. పైగా భూమి పైపొర బరువులో సుమారు 28 శాతం సిలికాన్, కార్బన్ అర శాతం కూడా ఉండదు. కాళ్ల కింద అంత ఉన్నదాన్ని వదిలేసి ఇంత కొంచెం ఉన్నదాన్ని ఏరుకుంది ప్రాణం. దీనికి జవాబు నాకు మా ఊరి రైస్ మిల్లులో దొరికింది. మిల్లులో బాయిలర్‌కి ఊకే కట్టె. ఊక కాలాక మిల్లు వెనక కొండలా పోసే బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. వరి మొక్క సిలికాన్‌ని వేళ్ల నుంచి బాగా పీల్చుకుంటుంది, కాకపోతే దాన్ని ఊకలో, ఆకు అంచుల్లో కంచెలా పెట్టుకుంటుంది. వరి ఆకు చేతికి గీసుకుంటే మండేది అందుకే. గింజలోకి, అంటే రేపటి మొక్కకి దాచిపెట్టే తిండిలోకి మాత్రం కార్బన్‌నే పంపింది. రెండూ చేతిలో ఉన్న మొక్క దేన్ని ఎక్కడ వాడిందో చూడండి. సిలికాన్ ఒకసారి ఆక్సిజన్‌ని పట్టుకుందంటే గట్టిపడి కూర్చుంటుంది, నీళ్లలో సరిగా కరగదు, గాలిగా లేవదు. కోటగోడకి పనికొస్తుంది. కార్బన్ ఆక్సిజన్‌తో కలిస్తే గాలి అవుతుంది, నీళ్లలో కరుగుతుంది, ఆకు సందుల్లోంచి లోపలికి వెళ్తుంది, ఊపిరిలో బయటికి వస్తుంది. నా దృష్టిలో నాలుగు చేతుల కంటే ఇదే పెద్ద సంగతి. కట్టుకోవడం ఎంత ముఖ్యమో, పని అయ్యాక విప్పి సాగనంపడం అంతే ముఖ్యం.

ఇక శక్తి. మా వాడి నోట్సులో "ఆహారంలోని బంధాల్లో శక్తి దాగి ఉంటుంది, బంధాలు తెగితే శక్తి విడుదలవుతుంది" అని రాసుంది. ఈ వాక్యం చూస్తే నాకు మనసు ఒప్పదు, ఎందుకంటే ఇది తలకిందులు. ఏ బంధం తెంచాలన్నా మనమే శక్తి పెట్టాలి. కొత్త బంధం కుదిరినప్పుడే శక్తి బయటికి వస్తుంది. అన్నంలో కార్బన్ ఎక్కువగా తోటి కార్బన్‌తో, హైడ్రోజన్‌తో ఉంది. గాలిలోని ఆక్సిజన్ జంటగా ఉంది, ఆ జంట బంధం అంత గట్టిది కాదు. ఈ రెండు చోట్లా తెంచడానికి పెట్టిన ఖర్చు కంటే, కార్బన్ డయాక్సైడ్‌లో, నీళ్లలో కొత్తగా కుదిరే బంధాల నుంచి వచ్చే రాబడి చాలా ఎక్కువ. ఆ మిగులే మన శక్తి. 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా కాలితే సుమారు 670 కిలో కేలరీలు. అంటే శక్తి ఒక్క అన్నంలోనే లేదు, అన్నమూ పీల్చే గాలీ కలిస్తేనే ఉంది. ఊపిరి ఆగితే కడుపు నిండా తిన్న తిండి కూడా ఎందుకు ఆదుకోదో దీంతో తెలుస్తుంది.

అంత మిగులు ఉన్నప్పుడు బియ్యం బస్తా తనంతట తనే ఎందుకు అంటుకోదు? గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంది, మా వంటింట్లో బస్తా చుట్టూ ఉంది. అయినా ఏడాది నిలవ ఉంటుంది, పాతబియ్యం అని ఇంకో పది రూపాయలు ఎక్కువిచ్చి కొంటాం కూడా. సిలికాన్ హైడ్రోజన్‌తో కలిసిన సిలేన్ అనే వాయువు అలా ఆగలేదు, గాలి తగిలితే చాలు, మంట. కార్బన్ బంధాలకు ఓపిక ఉంది. పొయ్యి పెట్టేదాకానో, ఒంట్లో రసాయన మార్పుల్ని నడిపే ఎంజైమ్ తగిలేదాకానో కదలవు. మండే గుణం ఉండి, పిలిచేదాకా మండకుండా కూర్చోగలగడం వల్లే గింజలో తిండి దాచడం, నడుము చుట్టూ కొవ్వు దాచడం సాధ్యమయ్యాయి. మా మఫిల్ ఫర్నేస్‌లో 600 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా జరిగేది ఒంట్లో 37 డిగ్రీల దగ్గర పదులకొద్దీ చిన్న చిన్న మెట్లుగా జరుగుతుంది, ఒక్కో మెట్టుకీ ఒక్కో ఎంజైమ్. అలా దిగుతూ వచ్చే శక్తిలో కొంత ఏటీపీ అనే అణువుగా పట్టుకుంటాం, మిగిలింది ఒంటి వెచ్చదనం.

ఏటీపీ పేరు వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ముందుకు పోలేను. సెంట్రల్ స్టేషన్‌కి ఎదురుగా పెద్దాసుపత్రి, దాని పక్కన మద్రాస్ మెడికల్ కాలేజీ. నెల్లూరు రైలు ఎక్కడానికి వెళ్లినప్పుడల్లా అటు చూస్తాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు చదివింది అక్కడే. సర్జరీకి ఖద్దరు గౌను వేసుకొచ్చినందుకు చదువు పూర్తయ్యాక ఎంబీబీఎస్ ఇవ్వకుండా దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ ఇచ్చి పంపారు. ఆయనే అమెరికా వెళ్లి, సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో కండరాల్లో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. ఏ జీవిని తీసుకున్నా కణంలో చేతులు మారే చిల్లర ఏటీపీయే. దాన్ని మొదట చూసినవాళ్లలో ఒకాయన తెలుగాయన, ఈ ఊళ్లో తిరిగినాయన. మా వాడికి ఇది తెలియదు. వాళ్ల క్లాసులో ఎవరికీ తెలియదట. నాకు చాలా బాధేసింది, సోమవారం స్కూల్లో చెప్పమని కాగితం మీద రాసిచ్చాను. ఆ ఏటీపీలో కూడా చివరన ఉండే మూడు ఫాస్ఫేట్లను పట్టుకుని నిలబెట్టింది పది కార్బన్ల చట్రమే.

మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంకొకటి ఉంది. మా వాడు పోయినేడాది కంటే ఒక జానెడు పెరిగాడు. ఆ పెరిగిన ఒళ్లు ఎక్కడిది? తిన్నదే. మరి పరిగెత్తడానికి శక్తి ఎక్కడిది? అదీ తిన్నదే. ఇల్లు కట్టేవాడు ఇటుకలు ఒక లారీలో, కట్టెలు ఇంకో లారీలో తెప్పించుకుంటాడు, ఎందుకంటే ఇటుక మండదు, కట్టె గోడకి ఆగదు. ఒంట్లో ఆ రెండూ ఒకటే సరుకు. హాన్స్ క్రెబ్స్ 1937లో కనుక్కున్న చక్రం గురించి ఇంటర్‌లో బట్టీ పట్టాం, గ్లూకోజ్ ముక్కలు అందులో తిరుగుతూ కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతాయని రాసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ చక్రంలో తిరిగే పదార్థాలను మధ్యలోనే పక్కకి లాగి ఒంటికి కావాల్సినవి కట్టుకుంటుంది కణం. ఒకదానికి నైట్రోజన్ తగిలిస్తే గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం అవుతుంది, అక్కడి నుంచి ప్రోటీన్. ఒకచోట ఎక్కువైన రెండు కార్బన్ల ముక్కలు కొవ్వుగా మారతాయి. పొయ్యిలోకి వెళ్తున్న కట్టెని దారిలోనే ఆపి, చెక్కి, తలుపు చేసి బిగించుకున్నట్టు. కార్బన్‌కి ఇటు హైడ్రోజన్‌తో నిండుగా ఉండటమూ వచ్చు, అటు ఆక్సిజన్‌తో నిండిపోవడమూ వచ్చు, ఈ రెండిటి మధ్య ఎన్ని మెట్లున్నాయో అన్నిచోట్లా నిలబడటమూ వచ్చు. అందుకే ఒకే గొలుసు ఇంధనమూ అవుతుంది, ఇల్లూ అవుతుంది. అంతా కార్బనే అనడం లేదు. ఎముకకి కాల్షియం, రక్తానికి ఇనుము, అన్నిటికీ నీళ్లు కావాలి. కానీ వాటిని పట్టుకుని ఉంచే చట్రం ఇదే.

శక్తి విషయంలో మాత్రం మినహాయింపులు ఉన్నాయి, దాచకూడదు. 1977లో పసిఫిక్‌లోని గాలపాగస్ దీవుల దగ్గర సముద్రం అడుగున వేడి నీటి ఊటలు కనపడ్డాయి. వెలుతురు చేరని ఆ లోతులో హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి శక్తి తీసుకునే బ్యాక్టీరియా మీద ఆధారపడి జీవులు గుంపులుగా బతుకుతున్నాయి. మొక్కలకు శక్తి ఎండ నుంచి వస్తుంది. అంటే శక్తికి కార్బన్ తప్పనిసరి కాదు, వేరే దారులున్నాయి. కానీ ఆ బ్యాక్టీరియా అయినా, మొక్క అయినా, ఆ శక్తి పెట్టి కట్టుకునే ఒళ్లు మాత్రం కార్బన్‌దే. మనలాగా వండిపెట్టింది తినేవాళ్లకు రెండూ ఒకే కంచంలో దొరుకుతున్నాయి, అంతే తేడా.

2016 డిసెంబర్ 12న వర్దా తుపానుకు మా వీధిలో పెద్ద వేపచెట్టు కూలింది. రెండు రోజులు కరెంటు లేదు, అందరం కిందికి దిగి కార్పొరేషన్ వాళ్లు కొమ్మలు కోస్తుంటే చూశాం. లారీ నిండింది, ఇంకా మొద్దు మిగిలింది. వేళ్లు లేచిన గుంట మాత్రం మోకాలి లోతు లేదు. అంత చెక్క ఆ మట్టిలోంచి వచ్చి ఉంటే అక్కడ బావి పడాలి. బ్రసెల్స్‌లో వాన్ హెల్మాంట్ అనే ఆయన దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందటే ఇది తూచి చూశాడు. సుమారు 90 కిలోల ఎండుమట్టి ఉన్న తొట్టిలో రెండు కిలోల విల్లో మొక్క నాటి ఐదేళ్లు నీళ్లు పోస్తే, చెట్టు సుమారు 77 కిలోలైంది, మట్టి తగ్గింది 60 గ్రాముల లోపు. అంతా నీళ్లే చెట్టయిందని ఆయన అనుకున్నాడు. చెట్టు గాలిని తింటుందన్న ఊహ ఎవరికైనా ఎలా వస్తుంది? వెలుతురు ఉంటేనే ఆకుపచ్చ భాగాలు గాలిని మారుస్తాయని ఇంగెన్‌హౌజ్ అనే శాస్త్రవేత్త చూపించేసరికి 1779 వచ్చింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది వేల పాళ్లలో నాలుగు పాళ్లే. దాన్ని పట్టే రుబిస్కో అనే ఎంజైమ్ సెకనుకు మూడు నాలుగు అణువుల కంటే పట్టలేదు, అందుకే ఆకు దాన్ని కుప్పలుగా తయారు చేసుకుంటుంది. ఆ నిదానంలోనే వేపచెట్టు లారీకి పట్టనంత అయింది. అన్నమూ అలాగే అయింది.

ఇదంతా వింటున్న అమ్మ అడిగింది, "మరి నేను వాకింగ్‌కి పోయి నాలుగు కిలోలు తగ్గాను కదా, ఆ కొవ్వు చెమటలో పోయినట్టా?" లేదమ్మా, చాలావరకు ఊపిరిలోనే పోయింది. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇద్దరు లెక్క కట్టి చూపించారు, పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల నుంచే వెళ్తుంది, మిగతా 1.6 కిలోలు నీళ్లు. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే పార్కులో చెట్లకు పెట్టొచ్చానన్నమాట" అంది. అవును. అచ్చంగా అంతే.

గిన్నె తోమడం మా వాడి వంతు. సాయంత్రం దాకా నీళ్లలో నానబెట్టి, సబ్బు, స్టీల్ పీచుతో అరగంట రుద్దాడు. నీళ్లకీ కరగదు, నూనెకీ కరగదు అది, హైడ్రోజన్, ఆక్సిజన్ చాలావరకు వదిలి వెళ్లిపోయాక కార్బన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అమ్మ చింతపండు వేసి మరగబెట్టింది, చుట్టూ ఉన్నది పెచ్చులుగా లేచింది. అడుగున మధ్యలో రూపాయి బిళ్లంత నల్లమచ్చ మాత్రం ఇంకా ఉంది.